ఆయప్ప తరఫున

“మొగుని పేరు చెప్పేది మాలో లేదన్నా” అని ఆమె తల వంచుకుంది.

గదిలో ఉన్న ఎనిమిది మంది మగవాళ్లూ నవ్వారు. హెబ్బగోడిలో ఒక చర్చి వెనక గది అది. ఆదివారం ప్రార్థన అయిపోయాక, తాగుడు మానాలనుకునేవాళ్లు అక్కడ గుండ్రంగా కుర్చీలేసుకుని కూర్చుంటారు. ఎవరి పేరు వాళ్లు చెప్పుకుని, ఎవరి తాగుడు వాళ్లు ఒప్పుకోవాలి. ఆ గదిలోకి ఆడమనిషి రావడం అదే మొదటిసారి. తన పేరు మల్లమ్మ అని మాత్రం చెప్పి, కుర్చీ ఇచ్చినా వద్దని తలుపు పక్కన చాప మీద కూర్చుంది.

“పేరొద్దులేమ్మా, మనిషిని పంపు” అన్నాడు మునినారాయణప్ప. ఆ గుంపుకు పెద్ద ఆయనే. పదకొండేళ్లుగా చుక్క ముట్టలేదు.

“ఆయప్ప రాడన్నా. తెలిసినోళ్లు చూస్తే సిగ్గుతో చచ్చిపోతానంటాడు. మీరు చెప్పేది నేను విని పోతా.”

ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే డానియల్ గొణిగాడు. “ఇంట్లోవాళ్ల మీటింగ్ బుధవారం కదన్నా. ఇక్కడ తాగేవాళ్లే ఉండాలని రూలు.”

“రూలు కోసం కాపురం కూల్చమంటావా?” అని మునినారాయణప్ప కసిరాడు. తాగుబోతు అబద్ధాన్ని ఆమడ దూరం నుంచే పసిగడతానని ఆయనకు గొప్ప నమ్మకం. మల్లమ్మ గొంతు విని, ఈమె పడే బాధ అచ్చమైన నిజమని అప్పుడే తేల్చేశాడు.

ఆమె ప్రతి ఆదివారం వచ్చేది. “పొద్దున లేస్తానే చేతులు వణుకుతాయన్నా. సారాయి ప్యాకెట్టు ఒకటి పడితే గానీ బిల్డింగు కాడ తట్ట ఎత్తలేడు.”

“ప్యాకెట్లు యాడ దాస్తాడు?”

“బియ్యం డబ్బాలో.”

“భలేవాడే! నేను సైకిల్ సీటు కింద దాచేవాణ్ని” అన్నాడు మునినారాయణప్ప. అందరూ పగలబడి నవ్వారు. మల్లమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఏడుపు బిడ్డ కోసమని తర్వాత తెలిసింది. ఎనిమిదేళ్ల ఆడపిల్ల. ఇంట్లో తాగి పడిపోయి ఉంటే, ఆకలికి ఆగలేక తనే స్టవ్వు ముట్టించబోయి చెయ్యి కాల్చుకుంది. మల్లమ్మ అత్త మదనపల్లి నుంచి వచ్చి మనవరాలిని ఎత్తుకుపోయింది. ఈ ఇంట్లో తాగుడు ఆగితేనే పంపుతానంది.

“జూన్‌లో బడి తెరిచేలోగా బిడ్డ వచ్చేయాలన్నా” అనేది మల్లమ్మ. ఇరవై రోజులు ముట్టలేదంటే అందరూ చప్పట్లు కొట్టారు. నలభై అన్న రోజు డానియల్ లడ్డూలు తెచ్చాడు. చప్పట్లకు ఆమె ముఖంలో చిన్న వెలుగు కనబడేది. అది చూసి మునినారాయణప్పకు కడుపు నిండిపోయేది.

మే నెల మొదటి ఆదివారం ఆమె ఆలస్యంగా వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“శుక్రవారం మళ్లీ తాగినాడన్నా.”

“ఎందుకమ్మా, అంతా బాగుంటే?”

“ఎస్టీడీ బూత్ నుంచి ఊరికి ఫోన్ చేసినాం. బిడ్డ మాట్లాడనని పరిగెత్తిపోయిందంట.”

మునినారాయణప్ప కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “ఇంక నీ నోటితో కుదరదమ్మా. ఎవరి తాగుడు వాళ్ల నోటితోనే బయటికి రావాలి. ఆయన రాకపోతే మేమే మీ ఇంటికొస్తాం.”

“వద్దన్నా, మీ కాళ్లు పట్టుకుంటా! వరస ఇండ్లు, అందరికీ తెలిసిపోతాది.”

“అయితే వచ్చే ఆదివారం పిలుచుకుని రా.”

పిలుచుకుని వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పేరు సొన్నప్ప అని డానియల్ అడిగి తెలుసుకున్నాడు. అందరూ లేచి నిలబడ్డారు. మునినారాయణప్ప అతని భుజం చుట్టూ చెయ్యి వేసి తీసుకెళ్లి నడిమి కుర్చీలో కూర్చోబెట్టాడు.

“సిగ్గుపడొద్దప్పా. మేమంతా ఆ బురదలో పొర్లినోళ్లమే. నలభై దినాలు ఆపినోడివి, మళ్లీ ఆపలేవా?”

సొన్నప్ప తెల్లబోయి భార్య వైపు చూశాడు. ఆమె చాప మీద ముడుచుకుపోయి ఉంది. అతని చేతిలో టీ గ్లాసు వణికింది.

“చూసినావా, చేతులే చెబుతాయి” అని మునినారాయణప్ప డానియల్ చెవిలో అన్నాడు.

“చెప్పేది నేను కాదన్నా” అన్నాడు సొన్నప్ప చివరికి. “తనే చెప్తాది. తోడు రమ్మంటే వచ్చినా.”

“మూడు నెలల్నుంచి ఆమే కదయ్యా చెబుతోంది! మొగోడివై ఉండి ఇంకెన్నాళ్లు పెండ్లాం కొంగు చాటున దాక్కుంటావు?”

అన్ని మాటలూ పడి సొన్నప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. అవమానంతో అతని ముఖం నల్లబడింది. మల్లమ్మ చాప మీంచి లేచి వచ్చింది. భర్తను లేపి, ఆ నడిమి కుర్చీలో తాను కూర్చుంది. తల మాత్రం ఎత్తలేకపోయింది.

“ఆయప్పను ఏమీ అనొద్దన్నా” అంది.

“తాగేది నేను.”