నంబరు లేని ఆర్మ్

“ఆ కారును పంపకు అన్నా. ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ దానిది కాదు.”

క్రిస్టోఫర్ తలెత్తి చూశాడు.

గ్యారేజీ షట్టర్ దగ్గర ఎవరో ఒకతను నిలబడి ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. మాసిన చొక్కా, పెరిగిన గడ్డం. చూపు మాత్రం లిఫ్ట్ పైకెత్తిన కారు అడుగునే తడుముతోంది.

ఆ కారు బ్యాంకు మేనేజర్ లాల్‌సింగ్‌ది. మూడున్నర సెకన్లలో వంద స్పీడు అందుకునే ఎలక్ట్రిక్ కారు. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొని నెల కూడా కాలేదు. ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుటక్కుమంటోందని తెచ్చాడు.

ఖమ్మంలో ఇలాంటి బండ్లు చూడాలంటే క్రిస్టోఫరే చూడాలని పేరు. లింక్ రాడ్ మార్చాడు. చప్పుడు పోయింది.

“నీకేం తెల్సని మాట్లాడుతున్నవ్?”

“కుడి ఆర్మ్ చూడన్నా. అచ్చులోనే నంబర్ ఉంది. ఎడమదాని మీద ఏది? గీకి, రంగు కొట్టిండ్రు. వేరే బండిది అది. వంగిపోయినదాన్ని కాల్చి వంపు తీసిండ్రు.”

“తీస్తే ఏమైతది?”

“ఇనుమైతే ఏంగాదు. ఇది అల్యూమినియం. కాలిస్తే సత్తువ పోతది, పైకి కనబడది. గీ బ్యాటరీ బరువుకు ఒకరోజు పుటుక్కుమంటది. చక్రం లోపలికి మడతపడ్తది.”

క్రిస్టోఫర్ కారు కిందికి వెళ్లాడు.

కుడివైపు నంబరు ఉంది. ఎడమవైపు లేదు.

వేలితో తడిమితే గీకిన గరుకు తగిలింది.

“ఏందన్నా, ఇంకేమన్నా ఉందా?” కుర్చీలోంచి లేచాడు లాల్‌సింగ్. పక్కనే భార్య చాంది, పట్టుచీరలో. ఒంటిగంటకల్లా ములకలపల్లి చేరాలి. చాంది చెల్లెలి నిశ్చితార్థం.

అంతా బాగుందని అయిదు నిమిషాల క్రితమే చెప్పాడు క్రిస్టోఫర్. ఇప్పుడు దారినపోయేవాడి మాట విని కాదంటే ఇన్నేళ్ల పేరు ఏం కావాలి?

“ఏం లేదు సార్. కంపెనీవోళ్లు రెండు రకాలూ వేస్తరు.”

అబద్ధం తడుముకోకుండా వచ్చింది.

చాందికి మనసొప్పలేదు. “ఆయనేదో అంటుండు గదన్నా. బస్సుల పోదమా?”

“నన్ను నమ్మి కూసో చెల్లె. బండికి నాది గ్యారంటీ.”

కారు కిందికి దిగింది. ఆ మనిషి వచ్చి దానికి అడ్డంగా నిలబడ్డాడు.

“పోకుండ్రి సార్. దండం పెడతా. గీ బండిని నేను...”

“నువ్వేంది? ఏ కంపెనీ ఇంజినీరువి? ఎక్కడ చదివినవ్?” క్రిస్టోఫర్ అరిచాడు.

అతను తల దించుకున్నాడు.

అది క్రిస్టోఫర్‌కు కలిసొచ్చింది. కాలర్ పట్టుకుని బయటికి గెంటాడు. అతను మోరీ కాలువ పక్కన బోర్లా పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. కారు చప్పుడు లేకుండా అతని పక్కనుంచే వెళ్లిపోయింది.

“ఎటు పోతున్నరన్నా వాళ్లు?” లేస్తూ అడిగాడు.

“ములకలపల్లికి. ఎంబడి పోతవా ఏంది?”

అతను దుమ్మయినా దులుపుకోలేదు. బస్టాండ్ వైపు పరుగెత్తాడు.

క్రిస్టోఫర్ నవ్వాడు. మధ్యాహ్నం చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. నాలుగు ముద్దలకే కంచం పక్కకు నెట్టాడు.

ఒంటిగంటకు ఫోన్ మోగింది.

“మెకానిక్ క్రిస్టోఫరేనా? కారులో నీ కార్డు దొరికింది. ఎస్సైని మాట్లాడుతున్న. జల్దీ రా.”

పాల్వంచ దాటాక అడవి మలుపులో, టేకుచెట్టుకు ఆనుకుని ఉంది కారు. ఎడమ చక్రం కారు కిందికి మడతపడి ఉంది.

లాల్‌సింగ్‌ను కొత్తగూడెం దవాఖానాకు తీసుకెళ్లారు. చాందిని తీసుకెళ్లాల్సిన తొందర లేకపోయింది. రోడ్డు పక్కన దుప్పటి కింద పట్టుచీర అంచు కనిపిస్తోంది.

“గిదేందో చూసి చెప్పు.” ఎస్సై విరిగిన ముక్క చేతికిచ్చాడు.

విరిగినచోట సగం మెరుస్తోంది. సగం ఎప్పుడో చీలి నల్లబడి ఉంది.

“లోయర్ ఆర్మ్ సార్. చక్రాన్ని పట్టి ఉంచేది. ఇది... గీ కారుది కాదు.”

“నీకెప్పుడు తెల్సింది?”

క్రిస్టోఫర్ ఆ ముక్కను రోడ్డు మీద పెట్టాడు.

“పొద్దుగాలనే తెల్సింది సార్. ఒకాయన వచ్చి చెప్పిండు. చేత్తో ముట్టకుండనే చెప్పిండు. నేనే మెడపట్టి గెంటిన. మస్తు పెద్ద ఇంజినీరై ఉంటడు సార్. ఆయన్ని వెతకాలె. కాళ్లు మొక్కాలె.”

ఎస్సై జీపు వైపు చూపించాడు.

వెనక సీట్లో అతనే. చొక్కా నిండా నెత్తురు. ప్రమాదం జరిగిన కాసేపటికి అటుగా వచ్చిన బస్సులోంచి దూకి, ఇద్దరినీ బయటికి లాగింది అతనొక్కడే.

“ఇంజినీరు లేదు, గింజినీరు లేదు,” అన్నాడు ఎస్సై మెల్లగా. “పేరు రవీందర్, హైదరాబాద్‌ల వెల్డింగ్ పని. షాపు ఓనర్ చెప్పిండని ఆ ముక్కను కాల్చి, వంపు తీసి, నంబర్ గీకి బిగించింది తన చేతులేనట. బండిని ఖమ్మంవాళ్లకు అమ్మేసిండ్రని తెల్సిన దినం నుంచి పని ఇడిసిపెట్టి, ఖమ్మంల గ్యారేజీ గ్యారేజీ తిరిగి దాన్నే వెతుకుతుండట.”