చామంతి చిగుళ్లు

నిరుడు వీధి వీధంతా పక్కింటి వాచీ రిపేరాయన చామంతులనే మెచ్చుకుంది. నా బీరపాదు వంక చూసినవాడు లేడు. మా ఆవిడ కూడా చూడలేదు. ఆవిడ అసలు నా వంకే చూసి చాలాకాలమైంది, అది వేరే కథ. నాకు మాత్రం కడుపు రగిలిపోయింది.

ఈసారి ఆయన కుండీ పిట్టగోడ మీదికి వచ్చింది. మొక్క జానెడు ఎదిగింది. ఇక ఎలా పూస్తుందో చూద్దామని, ఆయన లోపలికి వెళ్లగానే కొసలన్నీ గోటితో గిల్లేశాను. పక్కనుంచి కొత్త కొమ్మలు వచ్చాయి. వాటినీ గిల్లాను. అలా రెండు నెలలు గిల్లిగిల్లి, చివరికి నడుం పట్టేసి మంచమెక్కాను.

నెలన్నరకి లేచి వచ్చేసరికి కుండీలో ఆకు కనిపించడం లేదు. అన్నీ పూలే.

"రండి అన్నయ్యగారూ," అన్నాడాయన గోడ అవతలినుంచి. "చామంతిని ఎంత గిల్లితే అంత గుబురుగా పూస్తుంది. మొగ్గ పట్టే వేళకి ఆపెయ్యాలి. సరిగ్గా ఆపారు, మంచి చెయ్యి మీది!"

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఆయన తన చేతులు చాపి చూపించాడు. వేళ్లు వణుకుతున్నాయి.

"దుకాణం కూడా మూసేశాను. గిల్లిపెట్టమని అడగడానికి మొహమాటమేసి, కుండీ మీకందేట్టు పెట్టాను. నా పూల మీద మీకున్నంత కన్ను ఇంకెవరికుంది చెప్పండి?"