వినబడని పిట్ట

“పోయిన ఆదివారం వెదురు పొద దగ్గర అందరం ఆగిపోయాం మినెగిషి గారూ. మీరొక్కరే మాట్లాడుకుంటూ ముందుకి వెళ్ళిపోయారు,” అన్నాడు నడక గుంపులోని తొబితా. మొహానికి పుప్పొడి పడక పెట్టుకున్న మాస్కు ఉండటంతో అతను నవ్వుతున్నాడో లేదో తెలియలేదు. “అక్కడ యాబుసమే పిట్ట కూస్తోంది. మీకు వినబడలేదు.”

మినెగిషి వంగి బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. పిట్టల్ని కూతతో గుర్తుపట్టడం నేర్పే ఈ ఆదివారం నడకను మొదలుపెట్టింది ఆయనే. చిచిబు కొండ కింద బస్టాపులో చేరినవాళ్ళంతా నేల చూపులు చూస్తున్నారు.

“ఏదో ఆలోచనలో ఉన్నాను,” అన్నాడు.

“అది మరీ సన్నటి గొంతు. వయసు మీద పడితే ముందు చెవి దాటిపోయేది అదేనని మీరే చెప్పారు.” తొబితా కాస్త తగ్గాడు. “ఇకనుంచి వాగు దారిలో నేను తీసుకెళ్తాను. అన్ని కూతలూ నా ఫోన్లో ఉన్నాయి. మీరూ రండి, సరదాగా.”

“సరదాకైతే ఇంట్లో టీవీ ఉంది. నేను కొండ దారినే వెళ్తాను. వచ్చేవాళ్ళు రండి.”

ఓ పెద్దావిడకి ఉన్నట్టుండి మోకాళ్ళ నొప్పులు గుర్తొచ్చాయి. ఇంకొకాయన వాగు దారిలో నీడ బాగుంటుందన్నాడు. గుంపంతా తొబితా వెనకాల వెళ్ళిపోయాక ఒక్క మనిషి మిగిలింది. ఈ వసంతంలోనే చేరిన కుగా గారు. యాభై దాటిన మనిషి, పెద్దగా మాట్లాడదు.

“మీరు వెళ్ళలేదేం? అక్కడ ఫోనుంది కదా.”

“ఫోన్లో పిట్ట నాకు ఎక్కదండీ. మీరైతే నోటితో చెప్తారు.”

ఇద్దరూ ఎక్కడం మొదలుపెట్టారు. ఆమె ఎప్పటిలాగే పక్కన నడవకుండా కాస్త ముందు నడుస్తూ, మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది. కరెంటు తీగ మీద పిట్ట ఒకటి గొంతెత్తింది. మినెగిషికి ప్రాణం లేచొచ్చింది.

“అది హొజిరో. అర్జీ చదివే గుమాస్తా అనుకోండి. ‘అయ్యా, తమకు విన్నవించుకొనునది ఏమనగా’ అంటుంది.”

ఆమె ఆ మాటల్ని పెదాలతో ఒకసారి అనుకుని చూసింది. “అంత చిన్న పిట్టకి అంత మర్యాదా?”

“పెళ్ళాం కోసం పాట్లు కదండీ. మర్యాదగానే ఉండాలి.”

పైన లేత ఆకుల్లోంచి ఇంకో కూత వచ్చింది. “ఇది వేరు. సముద్రం దాటి వలస వచ్చిన కూలీ. ‘ఒక్క గ్లాసు సారా... గుటుక్’.”

“పొద్దున్నేనా?” అంది. ఆయన నవ్వాడు. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియదు.

దేవదారుల మొదట్లో పొట్టి వెదురు మొలిచిన చోట ఆమె ఠక్కున ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఊపిరి బిగబట్టి, వేలితో పొద అడుగున కదులుతున్న ఆకుల్ని చూపించి, ఆయన మొహంలోకి చూసింది.

“అదేంటి మాస్టారూ?”

మినెగిషి చెవి ఒగ్గాడు. తన ఆయాసం తప్ప ఏమీ లేదు. కుడి చెవి తిప్పాడు, ఎడమ చెవి తిప్పాడు. ఏమీ లేదు. సన్న గొంతు పిట్టలు ఒక్కొక్కటే ఇలాగే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాయి. వెళ్ళిపోయాయని చెప్పుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషి లేడు.

అంతలో ఆయనకి తట్టింది. పొద అడుగున ఉంది, తనకి వినబడటం లేదు. వినబడటం లేదు కాబట్టే అది ఏమిటో తెలుసు.

“యాబుసమే,” అన్నాడు ఒక్కో అక్షరం వత్తి. “బొటనవేలంత ఉంటుంది, తోక ఉండీ లేనట్టు. సి సి సి సి అని పురుగులా మొదలుపెడుతుంది. ఎవరో చీకట్లో మన దగ్గరికే నడిచి వస్తున్నట్టు పెద్దదవుతుంది. తీరా దగ్గరికొచ్చాక ఆగిపోతుంది.”

“అంత సన్నగానా,” అంది ఆమె. ఆ కళ్ళలో వెలుగు చూశాక ఆయనకి పొంగిన సంతోషమంతా సిగ్గయి కూర్చుంది. ఆ మొహం ఎదుట ఇక నిలబడలేకపోయాడు. అటు తిరిగి, దేవదారు మాను మీద చెయ్యి ఆనించాడు.

“కుగా గారూ, నాకది వినబడలేదు,” అన్నాడు చెట్టుతోనే. “మీరు చూసిన వైపు చూసి చెప్పాను. తొబితా అన్నది నిజం. ఇంట్లో రైస్ కుక్కరు అన్నం అయిందని పాట పాడుతుంది చూడండి, అది కూడా వినబడదు. మూత తీసి చూసుకుంటాను. ఆదివారాలు కూడా పోతే నన్ను పలకరించే మనిషుండడని బుకాయిస్తూ వచ్చాను. మోసం చేశాను. మీరు కిందికి వెళ్ళి వాళ్ళతో కలవండి. దారి తెలుసుగా.”

వెనక నుంచి జవాబు రాలేదు. కోపం వస్తే బాగుండుననుకున్నాడు. కనీసం ఒక మాట వినబడేది. పొగమంచు దేవదారు కొమ్మల్లోంచి బొట్లుబొట్లుగా రాలుతోంది. వెళ్ళిపోయిందనే అనుకున్నాడు, వెళ్ళే అడుగుల చప్పుడు కూడా తన చెవికి ఆనలేదేమో అనుకున్నాడు.

అప్పుడు ఒక చెయ్యి ఆయన చొక్కా చేతిని పట్టుకుని మెల్లగా వెనక్కి తిప్పింది. కుగా గారు ఎక్కడికీ వెళ్ళలేదు. ఆమె మొహంలో కోపం లేదు. ఇందాకటి కుతూహలమే ఉంది.

“అటు తిరిగి ఏదో చెప్తున్నారు, ఇప్పుడు కూసింది ఏ పిట్ట మాస్టారూ? ఇటు తిరిగి చెప్పండి. చెవిటిదాన్ని, మీ పెదాలు కనబడకపోతే నాకు ఏ పిట్టా వినబడదు.”