లోపలి చైను

ఆదివారం పొద్దున్నే ప్రూఫురీడరు తన మోటారుసైకిలుని వరండాలోకి ఎక్కించి, పక్కన పాత బొంత పరిచి, ఇంజన్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

వీధిలో అందరూ ఆయన్ని ప్రూఫురీడరు అనే పిలుస్తారు. ప్రెస్సులో ఆయన కళ్లు గప్పి ఒక్క అచ్చుతప్పు కూడా గడప దాటలేదు. ఇంట్లో మాత్రం మేకు కొట్టమంటే గోడకి కన్నం పెట్టే రకం. అలాంటి మనిషి పానా చేతపట్టాడంటే కారణం భార్యే.

మూడు నెలల నుంచీ ఆవిడది ఒకటే పాట. "చైను అరిగిపోయిందండీ. ఎప్పుడో దారిలో తెగి పడుతుంది." ఆయన ఊఁ కొట్టి ఊరుకునేవాడు. మొన్న బండి దిగుతూ ఆవిడ ఆఖరిమాట చెప్పేసింది.

"వచ్చే ఆదివారం కాక పై ఆదివారం మా అక్క కూతురి పెళ్లి. ఆ చైనుతో మాత్రం నేను రాను. మీరొక్కరే వెళ్లి రండి."

"చైను చూశానే. బానే ఉంది కదా."

"మీకేం కనబడుతుంది? లోపల్లోపల ఉంటోంది కాబట్టి సరిపోయింది. బయటపడితే నలుగురూ నవ్వుతారు."

"లోపలా?"

"మరి?" అని విసురుగా ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఇరవై రెండేళ్లలో ఆయన ఒక్క పెళ్లికీ ఒంటరిగా వెళ్లలేదు. ఆవిడ పక్కన లేకపోతే ఆయనకి ఎవరితో ఏం మాట్లాడాలో తోచదు, పెళ్లిభోజనం కూడా సహించదు. ఈ వయసులో ఆ కొత్త అలవాటు చేసుకునే ఉద్దేశం ఆయనకి లేదు.

మర్నాడే బండిని వీధి చివర మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. మెకానిక్ వెనక చక్రం చైనుని వేలితో లాగి చూశాడు.

"ఇది భేషుగ్గా ఉందండీ."

"ఇది కాదు. లోపల ఇంకోటి ఉంటుందట. మా ఆవిడ చెప్పింది."

మెకానిక్ బండి స్టార్టు చేసి ఇంజన్ దగ్గర చెవి పెట్టాడు. టకటక, టకటక.

"అమ్మగారు గట్టివారేనండీ. ఇంజన్ లోపల క్యామ్ చైనని ఉంటుంది. పైన వాల్వుల్ని ఆడించేది అదే. అది సాగిపోయింది. నెలనెలా చూసే నేనే కనిపెట్టలేకపోయాను."

భార్య తెలివికి ప్రూఫురీడరు పొంగిపోయాడు. కానీ మెకానిక్ చేతిలో రెండు వారాలకి సరిపడా బళ్లున్నాయి. అందుకని కొత్త చైను కొనుక్కుని, మెకానిక్ ఇచ్చిన పనిముట్లూ, ఏది ముందు ఏది వెనక అని రాసిచ్చిన కాగితమూ పుచ్చుకుని ఇంటికొచ్చాడు. ఆవిడ పెళ్లిపనులకని అక్కగారింటికి వెళ్లే ఆదివారమే ముహూర్తం పెట్టుకున్నాడు.

ఆయిలు దించాడు. మూతలు విప్పాడు. పక్క మూత కింద ఉండే మాగ్నెట్ చక్రం ఊడదీయడానికే గంట పట్టింది, బొటనవేలు కమిలింది. పాత చైను బయటికి లాగి కొత్తదాని పక్కన పెడితే పిసరు పొడుగు తేలింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"ఏం చేస్తున్నారు?" అంది భార్య.

"నీ చైను పనిలోనే ఉన్నా. సాయంత్రం నువ్వొచ్చేసరికి కొత్తది తయారు."



"నిజంగానా అండీ? మళ్లీ నాలుగు రోజులకే అరిగిపోయేది కాదు కదా?"

"పదేళ్లు దాని జోలికెళ్లక్కర్లేదన్నాడు షాపువాడు."

"అక్కా, మా ఆయన చైను తెచ్చారే" అని ఆవిడ పక్కకి తిరిగి చెప్పడం వినబడింది. "నీ అదృష్టమే అదృష్టం. మా ఆయనా ఉన్నారు, ఎందుకూ?" అన్న వదినగారి గొంతూ వినబడింది. క్యామ్ చైనుకి ఆడవాళ్లలో ఇంత పేరుందని తెలిస్తే ఆయన ఎప్పుడో ఇంజన్ విప్పి ఉండేవాడు.

రెట్టించిన ఉత్సాహంతో కొత్త చైను ఎక్కించాడు. అన్నీ బిగించాక స్టార్టు చేయబోయి ఆగాడు. కాగితం మీద ఒకచోట మెకానిక్ రెండు గీతలు గీసి మరీ రాశాడు: ముందు ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి కిందా పైనా పళ్లచక్రాల మీది గుర్తులు కలిశాయో లేదో చూడాలి, ఒక్క పన్ను తేడా వచ్చినా వాల్వులు వంగిపోతాయి.

తిప్పాడు. కింద గీత కలిసింది. పైన చుక్క మాత్రం ఒక పన్ను పక్కకి జరిగి ఉంది.

"అచ్చుతప్పు" అనుకున్నాడు. విసుక్కోకుండా మళ్లీ విప్పి, మళ్లీ కలిపాడు. ఈసారి రెండు గుర్తులూ కుదిరాయి. ఆయిలు పోసి కిక్కు కొడితే ఇంజన్ మెత్తగా అందుకుంది. టకటక మాయం. ఎవరూ చూడటం లేదు కదా అని ఆయన వరండాలో రెండు గెంతులు గెంతాడు.

ఆరింటికి వస్తానన్న మనిషి నాలుగింటికే వచ్చేసింది. మొహం వెలిగిపోతోంది. చెప్పులైనా విప్పలేదు.

"ఏదీ, చూపించండి."

"చూడటం కాదు, విను" అని ఆయన బండి స్టార్టు చేశాడు.

ఆవిడ విన్నది. బండి వంకా, మసి పూసుకున్న మొగుడి వంకా మార్చి మార్చి చూసింది.

"బానే ఉంది. మరి చైనేదండీ?"

"ఇదిగో, లోపల, ఇంజన్‌లో. నువ్వన్నట్టే అరిగిపోయింది. పొద్దుట్నుంచీ నడుం విరిగేలా కూర్చుని నేనే మార్చా."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదలడం మొదలెట్టాయి. నవ్వాపుకోలేక బొంత మీద కూలబడింది.

"ఎందుకే ఆ నవ్వు? ఇప్పుడైనా పెళ్లికి వస్తావా?"

కళ్లు తుడుచుకుంటూ ఆవిడ మెడ దగ్గర చెయ్యి పెట్టి, జాకెట్టు లోపలికి దోపుకున్న బంగారు చైనుని బయటికి లాగి, అరిగినచోట నల్లదారంతో వేసుకున్న ముడిని ఆయనకి చూపించింది.