పెద్దల చెయ్యి

“వ్యాసంలో పెద్దల చెయ్యి స్పష్టంగా కనిపిస్తోంది. తిరస్కరిస్తున్నాం.”

విద్యార్థుల సైన్సు పత్రిక నుంచి వచ్చిన ఉత్తరం అక్కడితో ఆగలేదు. ఇద్దరు నిపుణులు వ్యాసాన్ని పరీక్షించారట. పదమూడేళ్ళ పిల్ల ఇంత పొందికగా రాయడం అసాధ్యమట. పట్టికలో ఒక్క తప్పయినా లేకపోవడం మరీ అనుమానంగా ఉందట.

నాన్న విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర శాఖాధిపతి. ఉత్తరం చదివి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

“నేను ఒక్క అక్షరం రాయలేదు!”

“మిమ్మల్ని ఎవరన్నారండీ?” అంది అమ్మ, బట్టలు మడతపెడుతూ. “గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమెందుకు?”

కూతురు మాత్రం భోరుమంది. వంటింటి గట్టుమీద చీమల బారును తడిగుడ్డతో చెరపడం, అవి మళ్ళీ దారి ఎంతసేపట్లో కనుక్కుంటాయో గడియారం చూసి రాసుకోవడం, ఇలా నలభై ఒక్క రోజుల లెక్కలవి. పత్రికలో వ్యాసం పడితేనే వేసవిలో ఆ పత్రికవాళ్ళు తమ పరిశోధనశాలలోకి రానిస్తారు. అక్కడి పెద్ద మైక్రోస్కోపు కోసం ఆ పిల్ల ఏడాదిగా రోజులు లెక్కబెడుతోంది.

“ఇంకా వారం గడువుందిగా. మళ్ళీ రాసి పంపుదాం,” అన్నాడు నాన్న.

“ఈసారి కూడా ఒకళ్ళ చేత్తో రాసిందే పంపండి,” అంది అమ్మ.

ఆదివారం పొద్దున గది తలుపు మూసుకుంది. లోపల కీబోర్డు టకటకలు, మధ్యమధ్య నిట్టూర్పులు. భోజనానికి పిలిచినా తలుపు తెరుచుకోలేదు. ఉన్న తెలివంతా గుమ్మరించి, మూడుసార్లు తిరగరాసిన వ్యాసం సాయంత్రానికి బయటికొచ్చింది. ఎవరూ వేలు పెట్టలేదు, ఎవరూ దిద్దలేదు. ఉన్నదున్నట్టు పంపేశారు.

పది రోజులకు జవాబొచ్చింది. అమ్మ పైకి చదివింది.

“అంగీకరిస్తున్నాం! వాక్యాలు తప్పటడుగులు వేస్తున్నాయి. సగటు లెక్క తప్పింది. ముగింపు ముందే రాసేసుకుని అంకెల్ని దానికి అతికించినట్టుంది. ఈ వయసులో అవన్నీ సహజమే. అచ్చమైన పసిచెయ్యి, చాలా ముచ్చటేసింది. పెద్దల సాయం లేకుండా ఎప్పుడూ ఇలాగే సొంతంగా రాయి, తల్లీ!”

మైక్రోస్కోపు దక్కినందుకు కూతురు ఎగిరి గంతేసింది.

తర్వాత అమ్మ దగ్గర ఆ ఉత్తరం తీసుకుని, బుద్ధిగా మడిచి, శాఖాధిపతి చేతిలో పెట్టింది: “ఇది నీకే రాశారు, నాన్నా!”