ఒక్‌బున్ పెట్టే ముద్ద

"నోరు తెరువే!" అంది ఒక్‌బున్, ముద్దను నా పెదవులకు ఆనిస్తూ.

ఉడికించిన పంది మాంసం, కిమ్చీ అనే పాత క్యాబేజీ పచ్చడి, వాటి మధ్య కుండలో మురగబెట్టిన టేకు చేప. ముద్ద నోట్లోకి పోకముందే బస్టాండు మూత్రశాల కంపు ముక్కులు బద్దలుకొట్టింది.

బడిలో మాది ఒకే బెంచీ. ఏటా ఆకులు ఎర్రబడే రోజుల్లో ఓ శనివారం, సియోల్ నుంచి తనే కారు నడుపుతూ నన్ను ఈ యోంగ్‌సాన్‌పో రేవుకు లాక్కొస్తుంది. ఈ కంపు కోసం! చేత్తో పెట్టిన ముద్దను కాదంటే స్నేహాన్ని కాదన్నట్టే. అందుకే ఇన్నేళ్లూ ఊపిరి బిగబట్టి మింగాను.

ఈసారి నా వల్ల కాలేదు. దాని మణికట్టు పట్టుకుని ముద్దను దాని నోటివైపే తిప్పాను.

"ముందు నువ్వు తినవే. ఎప్పుడూ నాకు కుక్కడమేనా?"

ఒక్‌బున్ ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది.

"ఛీ, తియ్యవే! ఆ కంపుకి నాకు డోకొస్తుంది. మనుషులు తినే తిండేనా అది?"

"మరి ఏటేటా నన్నెందుకు తీసుకొస్తావే?"

"నీ కోసమేనే! మొదటిసారి ఒక్క ముక్క తిని బొటబొటా కన్నీళ్లు కార్చావు. నోట మాట రాలేదు నీకు. పిచ్చిది, ఎంత ఇష్టమో అనుకున్నా. అప్పట్నుంచీ ఈ కంపు భరిస్తున్నా."

దాని బుగ్గలు రెండూ నొక్కి, ముద్దను నోట్లో కుక్కాను.

దాని కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి. నోట మాట రాలేదు.

"చూశావా, నీకెంత ఇష్టమో!" అన్నాను.