ఏడాది తర్వాత రండి

డాక్టరమ్మ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ సందులోంచి స్క్రీను వెలుగు వచ్చి రిసెప్షన్ బల్ల మీద పడుతోంది.

బల్ల వెనక కూర్చున్నది పాపాయి. నలభై దాటాయి, కళ్ళజోడు వచ్చింది, అయినా ఆ స్కానింగ్ సెంటర్లో అందరికీ పాపాయే. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు.

మధ్యాహ్నాలు పేషెంట్లు ఉండరు. డాక్టరమ్మ లోపల కూర్చుని పొద్దున తీసిన రొమ్ము స్కాన్‌లు ఒక్కోటీ చూసి, ఫైలు నంబరూ, మళ్ళీ ఎప్పుడు రావాలో కేకేసి చెబుతుంది. పాపాయి బయట కూర్చుని, ఆ వేళకు గుర్తు చేసే మెయిల్ దానంతటదే వెళ్ళేలా కంప్యూటర్లో పెడుతుంది. పనిలో పనిగా వాళ్ళ పుట్టినరోజులకు శుభాకాంక్షలు కూడా.

స్కానింగ్ సెంటర్ నుంచి శుభాకాంక్షలు వస్తే ఎవరికి సంతోషం చెప్పండి? ఒకావిడ ఆ మెయిల్ చూసి హడలిపోయి పరుగెత్తుకొచ్చింది. అయినా డాక్టరమ్మ ముచ్చట డాక్టరమ్మది.

ఏడాది అంటే భయం లేదని. ఆరు నెలలంటే చూద్దామని. వారం అంటే మాత్రం పాపాయికి చెయ్యి సాగదు. ఆ మెయిల్లో ఇంకాస్త మెత్తటి మాట ఏదైనా పెట్టొచ్చేమోనని వెతుక్కుంటుంది.

ఈరోజు ఆ ఫైళ్ళలో తనదీ ఉంది.

పోయిన వారం స్నానం చేస్తుంటే చేతికి గడ్డ తగిలింది. ఇంట్లో చెప్పలేదు. ఆయనకు చెబితే ముందు ఆయన మంచం ఎక్కుతాడు. కూతురిది ఇంకా స్కూలు వయసు. ఈ పొద్దున హడావిడి తగ్గాక, స్కాన్ తీసే అక్కను బతిమాలి తీయించుకుంది. డాక్టరమ్మ పోల్చుకోకుండా ఫైలు మీద అసలు పేరు రాయించింది.

"డాక్టరమ్మకి చెప్పవే, పిచ్చిమొహమా," అంది అక్క.

"చెబితే నా మొహం చూసి మాట్లాడుతుందక్కా. నా మొహం చూడకుండా ఏం చెబుతుందో అది కావాలి నాకు."

అప్పట్నుంచి ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది.

"నలభై ఒకటి. ఏడాది," అంది లోపల్నుంచి డాక్టరమ్మ.

పాపాయి టైపు కొట్టింది.

"నలభై రెండు. వారం."

వేళ్ళు ఆగాయి. ఎవరో టీచరు పాపం. తెలిసిన మనిషి కాదు, అయినా ఆ పేరు రెండుసార్లు చదివింది. వచ్చే వారమే రమ్మని రాసి, కింద 'ఎవరినైనా తోడు తెచ్చుకోండి' అని చేర్చింది.

తర్వాతిది తనదే.

లోపల చప్పుడు లేదు. మిగతా వాళ్ళ దగ్గర ఇంతసేపు ఆగలేదే అనుకుంది. డాక్టరమ్మ దగ్గింది. నీళ్ళు తాగింది. ఇంతలో ఫోన్ మోగితే ఎత్తి, తీరిగ్గా కబుర్లు పెట్టుకుంది. అవతల చెల్లెలట, గోల అంతా కర్టెన్ల రంగు గురించి. మొహమైనా చూడని ఆ చెల్లెలి పీక పిసకాలనిపించింది పాపాయికి.

ఎట్టకేలకు డాక్టరమ్మ ఫోన్ పెట్టేసింది.

"నలభై మూడు. ఏడాది."

పాపాయి కుర్చీలోంచి సగం లేచింది. "ఏమన్నారమ్మా?" అంది.

"ఏడాది."

"నలభై మూడేనా అమ్మా?"

"నలభై మూడే. ఉత్త నీటి గడ్డ, ఏం చేయక్కర్లేదు. ఏమైంది నీకివాళ? చెవులు ఇంట్లో పెట్టి వచ్చావా?"

"అవునమ్మా," అంది పాపాయి.

హమ్మయ్య. పోయిన ప్రాణం లేచొచ్చింది. కళ్ళజోడు మసకబారితే తీసి తుడుచుకుని, తన మెయిల్ తనే కొట్టుకుంది. గౌరవనీయులైన మేడం గారికి, ఏడాది తర్వాత రండి. ఎన్ని వందల మందికి పంపిందో ఆ ముక్క. అది ఇంత మంచి ముక్కని ఏనాడూ అనుకోలేదు.

మిగతా ఫైళ్ళు అయ్యేసరికి సాయంత్రమైంది. అప్పుడు, వెళ్ళాల్సిన మెయిళ్ళన్నీ ఉండే పెట్టె తెరిచింది. అట్టడుగున, ఈ వారమంతా తను దాచి పెట్టినవి ఉన్నాయి. అన్నీ కూతురికే. వచ్చే పుట్టినరోజుకొకటి, ఆ పై ఏటికొకటి, అలా పిల్లకు ముప్పై నిండేదాకా.

కంప్యూటర్ నడుస్తుంటేనే ఆ పాత ప్రోగ్రాం మెయిల్ పంపేది. అందుకని ఊడ్చే ఆవిడను పట్టుకుని, నేనున్నా లేకపోయినా దీని స్విచ్ మాత్రం కట్టేయకు తల్లీ అని చెప్పింది. ఎన్నాళ్ళని ఆవిడ అడిగితే పదిహేనేళ్ళంది. ఆవిడ పగలబడి నవ్వింది.

ఒక్కోటీ తెరిచి చూసుకుంది. శుభాకాంక్షలని మొదలెట్టడమే గాని, గొప్ప మాట ఒక్కటుంటే ఒట్టు. తడి జుట్టుతో పడుకోకు. నాన్నకి బీపీ మాత్ర గుర్తు చెయ్యి. బిగుతు చెప్పులు కొనకు, నీ కాళ్ళు ఊరికే పొక్కుతాయి. ఇరవై ఒకటో పుట్టినరోజుకైతే అన్నీ తిట్లే.

నవ్వొచ్చింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది.

అన్నీ తీసేసింది. నిజంగా తీసేయాలా అని ప్రోగ్రాం ప్రతిదానికీ అడిగింది. ప్రతిదానికీ అవునని నొక్కింది.

తర్వాత ఇంటికి ఫోన్ చేసింది. కూతురు ఎత్తింది. వెనక టీవీ మోగుతోంది.

"ఏంటమ్మా?"

"తలస్నానం చేశావా?"

"ఆ, ఇప్పుడే."

"సరిగ్గా తుడుచుకున్నావా? తడి జుట్టుతో మంచమెక్కకు, జలుబు చేస్తుంది."

"అబ్బా, చెప్పిందే ఎన్నిసార్లు చెబుతావమ్మా?"

"చాలాసార్లు," అంది పాపాయి. "ఇంకా చాలాసార్లు చెబుతా."